నడకలో తొంభై రెండు

కనకదుర్గకు పక్షవాతం వచ్చిన సంగతి ఎదురుగా చూస్తున్నవాళ్ళకే తెలియలేదు. దానికి కారణం ఆమె మొహమే.

ఆ రోజు ఆమె అమెరికాలో, పార్సిప్పనీలోని తన అపార్ట్‌మెంట్‌లో, పడకగది మూలనున్న బల్ల ముందు కూర్చుని ఆఫీస్ మీటింగ్‌లో ఉంది. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్‌కి ఆమె లీడ్. ఎవరు రాసిన ప్రోగ్రామ్‌లో ఎక్కడ తప్పుందో పట్టుకోవడం ఆమె ఉద్యోగం. పట్టుకున్న తప్పుని పదిమంది ముందూ పెట్టి ఉతకడం ఆమె అలవాటు. ఆ పూట రోహన్ అనే కుర్రాడి వంతు వచ్చింది. అతన్ని ఉతుకుతూ ఉండగా, మాట మధ్యలో, ఆమె మూతి ఎడమవైపు కిందికి జారింది. తెర మీద చూస్తున్నవాళ్ళంతా ఆవిడకి కోపం ఇంకాస్త ముదిరిందనుకున్నారు. రోహన్ అయితే హడలిపోయి, "సారీ దుర్గగారూ, ఈవినింగ్‌లోపు ఫిక్స్ చేసేస్తాను" అన్నాడు.

తన మామూలు మొహానికీ, మెదడులో రక్తనాళం పూడుకుపోయిన మొహానికీ ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినవాళ్ళు తేడా కనిపెట్టలేకపోయారంటే ఆ తప్పు వాళ్ళది కాదని, తర్వాత హాస్పిటల్ మంచం మీద పడుకుని ఆమే ఒప్పుకుంది.

కాఫీ కప్పు కింద పడ్డ చప్పుడు విని పక్కగదిలోంచి వచ్చినవాడు ఆమె భర్త తిరుపతయ్య. మందుల కంపెనీ ల్యాబ్‌లో నాణ్యత పరీక్షలు చేసే ఉద్యోగం ఆయనది. నెమ్మదస్తుడు. "ఏమైంది దుర్గా?" అంటే, "నాకేం కాలేదు, మీటింగ్‌లో ఉన్నాను, మీరెళ్ళండి" అంటూనే ఆమె కుర్చీలోంచి ఎడమవైపుకి ఒరిగిపోయింది. ఆంబులెన్స్ వచ్చింది. అందులో వచ్చిన మనిషి రెండు చేతులూ పైకెత్తమన్నాడు. ఆమె కుడిచెయ్యి ఎత్తి, "ఎత్తాను కదా రెండూ, కనిపించట్లేదా? సాయంత్రం రిలీజ్ ఉంది నాకు, త్వరగా కానివ్వండి" అని కసిరింది. ఆమె దృష్టిలో రెండు చేతులూ నిజంగానే లేచాయి.

హాస్పిటల్లో ప్రాణం నిలిపారు. ఎడమ చెయ్యి కొన్ని వారాల్లో గ్లాసు పట్టుకునే మటుకు దారికొచ్చింది. ఎడమ కాలు మాత్రం రాలేదు. తొడ దగ్గర్నించి పాదం వరకూ అది ఆమె ఒంటికి తగిలించిన ఎవరి సామానో అన్నట్టు ఉండిపోయింది. "దెబ్బ మెదడులో కుడివైపు తగిలింది, మాట సాధారణంగా ఎడమవైపు ఉంటుంది, అందుకే మీ ఆవిడ మాటకి ఏమీ కాలేదు" అని డాక్టర్ చెబితే తిరుపతయ్య, "అది తెలుస్తూనే ఉందండీ" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన వేసిన మొదటి జోకు అదే. అదీ పరాయివాళ్ళ ముందు, తన మీదే వేశాడని కనకదుర్గ చాలాకాలం చెప్పుకుంది.

చక్రాల కుర్చీలో ఇంటికొచ్చింది. కూతురు అనిక ఎక్కడో దూరాన అల్ఫారెట్టాలో ఉద్యోగం చేస్తోంది. ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి హాల్లో సోఫా మీదే ఆఫీస్ పెట్టేసింది. రిహాబ్ సెంటర్ వెతికింది కూడా అనికే. "అమ్మా, అక్కడ రోబో ఉంది. నువ్వు దాన్ని వేర్ చేస్తావు. అది నీకు వాకింగ్ మళ్ళీ నేర్పిస్తుంది" అంది.

"నాకు నడక నేర్పేదేమిటే? పది నెలలకే నడిచానట నేను."

"ఓకే, కానీ ఇప్పుడు నువ్వు నడవట్లేదు కదా" అంది అనిక. అమెరికాలో పుట్టిన పిల్లకి తెలుగులో మాటలు తక్కువ. ఉన్నవాటిని చుట్టూ తిప్పకుండా నేరుగా వాడేస్తుంది.

రిహాబ్ సెంటర్లో కైలీ అనే పొడుగాటి అమ్మాయి ఫిజికల్ థెరపిస్ట్. ఆమె చూపించిన రోబోని చూసి కనకదుర్గ కొంచెం నిరాశపడింది. రోబో అంటే ఎదురుగా నిలబడి నమస్కారం పెట్టే బొమ్మ లాంటిదేదో అనుకుంది. ఇదేమో కుర్చీ మీద ఎవరో విప్పి పడేసిన ఇనప ప్యాంటులా ఉంది. నడుముకో పట్టా, తొడలకీ పిక్కలకీ పట్టీలు, తుంటి దగ్గరా మోకాలి దగ్గరా మోటార్లు, పాదాల కింద రేకులు, వీపున బ్యాటరీ. మనిషి ఒరిగిన తీరునిబట్టి అడుగు వెయ్యాలనుకుంటోందని అది కనిపెట్టి, కాలు ఎత్తి ముందుకేస్తుందట.

"ముందు మీ కొలతలు కావాలి. మోటారు సరిగ్గా మోకాలి దగ్గరే ఉండాలి. మీ ఎత్తెంత?" అంది కైలీ.

"ఐదూ మూడు" అంది కనకదుర్గ తడుముకోకుండా. డ్రైవింగ్ లైసెన్స్ మీద అంతే ఉంది. పెళ్ళిచూపుల్లోనూ అంతే చెప్పారు. హీల్స్ వేసుకుని, జుట్టు పైకి దువ్వుకుని, ఆ మూడంగుళాలనీ ఆమె ఇన్నేళ్ళూ కాపాడుకుంటూ వచ్చింది. కైలీ ఆమెని బల్ల మీద పడుకోబెట్టి టేపు పెట్టింది. మళ్ళీ పెట్టింది. "ఐదడుగుల అరంగుళం" అని, "మంచిదైంది. ఐదడుగులకి తగ్గితే ఈ మిషన్ పట్టదు, మీరు గీత మీదే ఉన్నారు" అని సంబరపడింది.

తిరుపతయ్య కిటికీలోంచి పార్కింగ్ లాట్‌కేసి చూస్తూ నిలబడ్డాడు. కనకదుర్గ కూడా అటే చూసింది. అక్కడ చూడ్డానికేమీ లేదు.

పట్టీలు బిగించి లేపారు. వెనక కైలీ నడుం పట్టా పట్టుకుంది. ముందు ఒక అసిస్టెంట్ టాబ్లెట్ పట్టుకుని వెనక్కి అడుగులేస్తున్నాడు. చేతుల కింద వాకర్. "కుడివైపుకి ఒరగండి, కొంచెం ముందుకి" అంది కైలీ. ఒరిగింది. జుయ్యిమని మోటార్ మోగింది. ఎడమ కాలు, ఇన్ని నెలలుగా దిండు మీద పడుకున్న ఆ కాలు, లేచి ముందుకెళ్ళి నేల మీద ఆనింది. తర్వాత కుడికాలు. మళ్ళీ ఎడమది. గోడ దగ్గర్నించి అద్దం దాకా వెళ్ళింది కనకదుర్గ. అద్దంలో తనని తాను నిలువుగా చూసుకుని చాలాకాలమైంది. ఇనప పట్టాల మధ్య, చెదిరిన జుట్టుతో, అరంగుళంతో సహా నిలబడి ఉంది. ఏడుపొస్తుందనుకుంది గానీ రాలేదు. "ఇంతేనా! దీనికోసమా ఇన్నాళ్ళూ అందరూ అంత భయపెట్టింది?" అనిపించింది.

సెషన్ అయ్యాక కైలీ టాబ్లెట్ చూపించింది. ఏవో గీతలు, రంగులు. ఎడమ కాలి బొమ్మ పక్కన పెద్ద అంకె: తొంభై రెండు.

కనకదుర్గ ఆ అంకెని చూడగానే మిగిలినవేవీ చూడలేదు. చిన్నప్పట్నించీ ఆమెకి కనిపించే అంకెలు అలాంటివే. లెక్కల్లో తొంభై ఆరు, సైన్సులో తొంభై నాలుగు. పక్షవాతం వచ్చినా తగ్గలేదన్నమాట. ఉద్యోగంలో ఏ అంకె కనిపించినా "ఇదెక్కణ్ణించి వచ్చింది? దేనికి కొలత?" అని అవతలివాళ్ళని పీక్కుతినే మనిషి, ఆ రోజు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. తనకొచ్చిన మంచి మార్కుల గురించి ఎవరు మాత్రం ఆరా తీస్తారు?

"ఫస్ట్ టైమ్‌కే తొంభై రెండే!" అంది కారెక్కుతూ.

"వావ్" అంది అనిక. ఆ పిల్లకీ తెలియదు.

అనిక తీసిన వీడియో ఆ సాయంత్రమే ఎక్కని వాట్సాప్ గ్రూపు లేదు. చుట్టాల గ్రూపు, కాలేజీ గ్రూపు, అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ గ్రూపు, ఆఫీస్ టీమ్. కింద కనకదుర్గ స్వయంగా కుడిచేత్తో టైప్ చేసింది: "గాడ్స్ గ్రేస్. వాకింగ్‌లో మొదటి రోజే 92%." వరసగా పూలూ చప్పట్లూ కురిశాయి. విజయవాడనించి పెద్దమ్మ, "నువ్వు చిన్నప్పట్నించీ అంతేనే తల్లీ" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. రెండు బ్లాకుల అవతల ఉండే లీలావతి సున్నుండలు చేసి డబ్బా నిండా పట్టుకొచ్చింది. ఇద్దరిదీ పదిహేనేళ్ళ స్నేహం. వరస కలుపుకుని వదినా అంటే వదినా అనుకుంటారు.

"ఎలా వదినా, అంత త్వరగా?" అంది లీలావతి.

"అంతా మైండేనమ్మా. కాన్సంట్రేషన్ ఉండాలి. అక్కడ ఇంకా పేషెంట్లున్నారు, పాపం, భయపడతారు. నేను ఏది చేసినా పూర్తిగా చేస్తాను" అంది కనకదుర్గ, సున్నుండ కొరుకుతూ. తిరుపతయ్య కాఫీ కలుపుతూ విన్నాడు. లీలావతి భర్తకి మోకాలి నొప్పి. ఆయనకి కూడా మైండ్ గురించి ఫోన్‌లో పావుగంట చెప్పింది.

రెండో వారం అంకె ఎనభై ఎనిమిదికి దిగింది. నిద్ర చాలలేదు కాబోలు అనుకుంది. మర్నాడు నుదుట బొట్టు పెద్దది పెట్టుకుని, కింది పళ్ళు పై పళ్ళు కలిపి బిగించి నడిచింది. ఎనభై ఐదు. పైగా కైలీ చప్పట్లు కొట్టింది.

కనకదుర్గకి ఒళ్ళు మండింది. "ఎందుకు చప్పట్లు?" అంది ఇంగ్లీషులో, రోహన్‌తో మాట్లాడే గొంతుతో.

"చాలా బాగా చేశారు కదా! ఎనభై ఐదుకి వచ్చేశారు."

"తగ్గితే బాగా చేసినట్టా? మొదటి రోజు తొంభై రెండు వచ్చింది నాకు. అప్పట్నించీ పడిపోతూనే ఉంది. మీ మిషన్‌లో ఏదో తేడా ఉంది, చూపించండి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా పని."

కైలీ కాసేపు అర్థంకానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. అర్థమైన సంగతి మొహంలో కనిపించకుండా ఉంచుకోవాలని చూసింది గానీ, వయసులో చిన్నది, వీలుకాలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, కనకదుర్గ కళ్ళకి ఎదురుగా కూర్చుంది.

"దుర్గా, ఆ అంకె మీది కాదు. అది మిషన్‌ది. మీ ఎడమ కాలు వెయ్యాల్సిన అడుగులో మిషన్ ఎంత పని చేస్తోందో అది చెబుతుంది. మొదటి రోజు నూటికి తొంభై రెండు వంతుల పని అది చేసింది. ఇవాళ ఎనభై ఐదే చేసింది. అది సున్నాకి రావాలనే మన ప్రయత్నం."

జిమ్‌లో ఎక్కడో ఎవరో బంతి విసురుతున్నారు. అది గోడకి తగిలి వచ్చే చప్పుడు వినపడింది.

"అంటే ఆ రోజు... ఆ వీడియోలో..."

"మీరు నిలబడ్డారు, ఒరిగారు. అది చాలా పెద్ద విషయం" అంది కైలీ మెత్తగా.

నడిచింది మాత్రం తను కాదు. ఎస్కలేటర్ ఎక్కి పై అంతస్తుకి చేరినవాడు కొండ ఎక్కానని ఊరంతా చాటింపు వేసినట్టయింది పని. కాలేజీ గ్రూపు గుర్తొచ్చింది. పెద్దమ్మ గొంతు గుర్తొచ్చింది. లీలావతి భర్తకి మోకాలి గురించి ఇచ్చిన ఉపన్యాసం ఆసాంతం గుర్తొచ్చింది. అందులో "విల్ పవర్" అన్న మాట ఎన్నిసార్లు వాడిందో కూడా.

ఆ రోజు ఇంటికొస్తున్నప్పుడు కార్లో ఆమె ఒక్కమాట మాట్లాడలేదు. పక్కనించి దూసుకొచ్చిన లారీని తిట్టలేదు. తిరుపతయ్య సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడ్డాక కాస్త ఆలస్యం చేసినా "పోనివ్వండి" అనలేదు. ఆయన భయపడి కారు పక్కకి తీసి ఆపాడు. "మళ్ళీ ఏమన్నా అవుతోందా? చెయ్యెత్తు" అన్నాడు.

"నాకేం కాలేదు. పోనివ్వండి."

ఆమె ఇదివరకు ఆ మాట అన్నప్పుడే కుర్చీలోంచి పడిపోయింది గనక ఆయన రెండు చేతులూ ఎత్తించి, నవ్వమని, మూతి సమంగా ఉందో లేదో చూసుకుని మరీ కదిలాడు. నవ్వమంటే ఆమెకి నవ్వు రావడానికి చాలా సేపు పట్టింది.

తర్వాతి సెషన్‌కి రానని కూర్చుంది. అనిక బతిమాలింది, కోప్పడింది, చివరికి కారు తాళాలు బల్ల మీద పడేసి తన మీటింగ్‌లోకి వెళ్ళిపోయింది. తిరుపతయ్య వచ్చి మంచం చివర కూర్చున్నాడు.

"నా బట్టలు పంపించండి, చాలు" అంది కనకదుర్గ. "ఆ మిషన్‌కి తొడిగి నడిపించుకుంటారు. నేనెందుకు అక్కడ? నేను నడవలేదండీ. నన్ను మోసుకెళ్ళారు. నేనేమో అందరికీ చెప్పుకున్నాను." స్ట్రోక్ వచ్చిన రోజు రాని ఏడుపు, చక్రాల కుర్చీ ఇంట్లోకి వచ్చిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. నడవలేనందుకు కాదు, నడిచాననుకున్నందుకు. అందులోనూ ఎడమ కన్నుకంటే కుడి కన్నే ముందు తడవడం ఆమెకి ఇంకా చిన్నతనంగా అనిపించింది.

తిరుపతయ్య తొందరపడలేదు. ఆమె ముక్కు చీదుకునేదాకా ఆగాడు.

"ఎనిమిది నీదే కదా" అన్నాడు.

"ఏ ఎనిమిది?"

"నూటిలో తొంభై రెండు దానిదైతే ఎనిమిది నీది. హాస్పిటల్లో మొదటి రోజు ఆ కాలు నేనే పట్టుకుని తిప్పాను. అందులో ఏమీ లేదు దుర్గా. సున్నా. నీకు తెలీదు, నువ్వు డాక్టర్‌తో పోట్లాడుతున్నావు. ఆ సున్నా ఎనిమిదెలా అయింది? మా ల్యాబ్‌లో ఎనిమిది పర్సెంట్ తేడా వస్తే మొత్తం బ్యాచ్ ఆపేస్తాం. ఎనిమిదంటే మాకు చాలా పెద్దది."

ఆయన అంత పొడుగ్గా మాట్లాడ్డం ఆమె ఎప్పుడూ వినలేదు. విని ఉండకపోవడానికి కారణం ఆయన మాట్లాడకపోవడమా, తను మధ్యలో అందుకోవడమా అన్న అనుమానం కూడా వచ్చింది. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టింది.

"పోయినసారి ఎంతన్నారు?"

"మిషన్‌ది ఎనభై ఐదు. అంటే నాది పదిహేను."

"దాదాపు రెట్టింపైంది" అన్నాడు తిరుపతయ్య, లేస్తూ. "చెప్పులు తెస్తాను."

చెప్పులొచ్చేలోపు ఆమె ఫోన్ తీసి అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ గ్రూపులో టైప్ చేసింది. "చిన్న కరెక్షన్. మొన్నటి 92 నాది కాదు, మిషన్‌ది. నాది 8. దయచేసి పూలు వెనక్కి తీసుకోగలరు." అరనిమిషంలో లీలావతి జవాబొచ్చింది: "అయితే సున్నుండలు మిషన్‌కి పెట్టాల్సింది వదినా! డబ్బా పంపించెయ్యి." దాని కింద ఇంకోటి: "మా ఆయన ఏమంటున్నారంటే, మైండ్ కంటే నాకు మోకాలే బాగుచెయ్యమని చెప్పు అంటున్నారు." కనకదుర్గకి నవ్వొచ్చింది. చెప్పులు పట్టుకొచ్చిన తిరుపతయ్య, ఆమె మూతి సమంగానే ఉందని చూసి ఊరుకున్నాడు.

ఆ తర్వాత కథ తిరగబడింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె మార్కులు తగ్గించుకోవడానికి కష్టపడింది. అది పెంచుకోవడంకంటే చాలా కష్టమని తెలిసింది. కైలీ మిషన్ సాయం కొంచెం తగ్గించినప్పుడల్లా ఎడమ మోకాలు మడతకుర్చీలా ముడుచుకుపోయేది. కైలీ వెనకనించి నడుం పట్టా పట్టి ఆపేది. కొన్నాళ్ళు ఎనభై దాటి కిందికి రాలేదు. ఒకరోజు తిరిగి తొంభైకి వెళ్ళింది. ఆ రోజు ఆమె మిషన్‌ని నానా మాటలూ అంది. తెలుగులో తిట్టింది గనక కైలీ అది ప్రార్థన అనుకుంది.

"మీ మిషన్ లేటుగా స్పందిస్తోంది" అని ఫిర్యాదు చేసింది కనకదుర్గ. "నేను ఒరిగిన తర్వాత చాలాసేపటికి గానీ కుడికాలు ఎత్తట్లేదు. ఇది బగ్."

కైలీ టాబ్లెట్ చూసింది. "మీరు ఎడమవైపు ఒరగట్లేదు దుర్గా. ఒరిగాననుకుంటున్నారు. ఎడమ కాలి మీద బరువు పెట్టకుండా కుడికాలు ముందుకెయ్యలేరు కదా. మీరు పెడతారేమోనని అది చూస్తోంది. మీ కోసం ఆగుతోంది."

కనకదుర్గ జీవితంలో ఎవరికోసమూ ఆగలేదు. దుకాణాల్లో భర్త కోసం ఆగలేదు, ఫోన్‌లో అవతలి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగలేదు, కూతురు తెలుగు మాట వెతుక్కుంటుంటే ఆ మాట తనే అనేసేది. అలాంటి మనిషి కోసం ఒక ఇనప ప్యాంటు, విసుక్కోకుండా, ముఖం చిట్లించకుండా ఆగుతోంది. ఆ వినయం దానికి ఎవరు నేర్పారోగానీ, తన టీమ్‌లో వేసుకుంటే అది మొదటి వారమే ఉద్యోగం మానేసి ఉండేదనుకుంది.

అసలు తంటా ఏమిటంటే ఎడమ కాలి మీద ఆమెకి నమ్మకం లేదు. స్ట్రోక్ వచ్చిన దగ్గర్నించీ అది ఉందన్న సంగతే మర్చిపోవడం అలవాటైంది. చక్రాల కుర్చీలో కూర్చుంటే ఆ పాదం కింది పలక మీదనించి జారి నేల మీద ఈడ్చుకుంటున్నా తెలిసేది కాదు. గుమ్మానికి తగిలేది. ఆమె గుమ్మాన్ని తిట్టేది.

ఒక మధ్యాహ్నం అనిక కూడా లోపలికొచ్చి వాకర్ ముందు నిలబడింది. "అమ్మా, నువ్వు ఆ లెగ్‌ని ట్రస్ట్ చెయ్యాలి. నువ్వు దాని మీద ఎప్పుడూ కోపంగా ఉంటావు. నాక్కూడా అలా చేస్తే నేను పని చెయ్యను."

"నీ మీద ఎప్పుడు కోపంగా ఉన్నానే?"

అనిక వాకర్ పిడిని గోటితో గీకింది. కైలీకి తెలుగు రాకపోయినా టాబ్లెట్‌లోకి చాలా శ్రద్ధగా చూసింది.

కనకదుర్గ కిందికి, కాలికేసి చూసింది. పట్టీల మధ్య కొంచెం సన్నబడి, రిహాబ్ వాళ్ళ పసుపుపచ్చ సాక్సు వేసుకుని అది ఎవరో మందలిస్తే తలొంచుకున్న పిల్లలా ఉంది. "ఏమ్మా, వస్తావా?" అంది మెల్లగా. పదిమందిలో కాలితో మాట్లాడుతున్నందుకు సిగ్గేసింది. ఐనా, ఇంతదాకా వచ్చింది గనక కానిచ్చేసింది. "నేనున్నాను. పడితే ఇద్దరం పడదాం. రా."

నడుముని ఎడమవైపుకి వదిలింది. మోకాలు వణికింది, మడత పడబోయింది, పడలేదు. బరువు మొత్తం దాని మీదికి వెళ్ళింది. అది మోసింది. కుడికాలు తేలిగ్గా లేచి ముందుకెళ్ళింది. ఆ అడుగులో మోటారు చప్పుడు సగానికి సగం తగ్గిపోవడం అక్కడున్న నలుగురూ విన్నారు. అంకె చూడమని కైలీ టాబ్లెట్ తిప్పబోతే కనకదుర్గ వద్దని చెయ్యి ఊపింది. అంకెలతో ఆమె ఇదివరకే చాలా పడింది. అనిక మాత్రం మొహం పక్కకి తిప్పుకుని, వీడియో తీస్తున్నట్టు ఫోన్ పట్టుకుంది. తర్వాత చూసుకుంటే అందులో నేల మాత్రమే ఉంది.

అద్భుతాలేమీ జరగలేదు. నెలలు పట్టింది. రోబో నేర్పేదంతా నేర్పాక దాన్ని విప్పేశారు. పాదం వాలిపోకుండా బూటులోకి దూరే ప్లాస్టిక్ పట్టీ, నాలుగు కాళ్ళ చేతికర్ర ఇచ్చారు. మిషన్‌లో ఉన్నప్పుడు కవాతు చేసే సిపాయిలా నిటారుగా నడిచిన మనిషి, అది లేకుండా అద్దంలో చూసుకుంటే బురదలో బాతు నడిచినట్టుంది. "ఇదేనా నా సొంత నడక?" అంది. "ఇదే" అంది కైలీ. "మొత్తం మీదే." ఆ మాట విని కనకదుర్గ ఇంకో రెండు అడుగులు బాతులాగే వేసింది.

ఉద్యోగంలో సగం రోజు పనికి మళ్ళీ చేరింది. ఇప్పుడు మీటింగ్‌లో ఆమె కనుబొమ ముడిస్తే చాలు, రోహన్ మాట ఆపేసి, "దుర్గగారూ, ఆర్ యూ ఓకే? చేతులు ఎత్తగలరా?" అంటున్నాడు. మొదట్లో చిరాకేసేది. ఎత్తి చూపించి, ఆ తర్వాత తిట్టడం అలవాటు చేసుకుంది. చేతులెత్తి దించేసరికి సగం తిట్లు మర్చిపోతోంది.

అక్టోబర్‌లో ఒక ఆదివారం, అనిక అల్ఫారెట్టాకి తిరిగి వెళ్ళిపోయిన తర్వాత, ఆమె అపార్ట్‌మెంట్ల ప్రవేశం దగ్గరుండే మెయిల్‌బాక్సుల దాకా నడిచి వెళ్తానంది. పార్కింగ్ లాట్ దాటి, చిన్న వంపు తిరిగితే వస్తాయవి. ఇదివరకు ఫోన్‌లో మాట్లాడుతూ తెలియకుండానే వెళ్ళొచ్చే దూరం. తిరుపతయ్య నడుముకి బెల్టు కట్టి వెనక పట్టుకున్నాడు. మేపుల్ ఆకులు రాలి తడిసి జారుడుగా ఉన్నాయి. ఆయన ముందుకొచ్చి కాలితో వాటిని పక్కకి నెడుతూ, మళ్ళీ వెనక్కెళ్ళి బెల్టు పట్టుకుంటూ నడిచాడు.

వంపు దగ్గర ఆమె ఆగి, "వదిలెయ్యండి" అంది.

"పర్లేదు, పట్టుకుంటాను."

"వదలండి. పడితే అరుస్తాను లెండి, నోటికేం కాలేదు కదా."

ఆయన వదిలాడు. రెండు చేతులూ గాల్లో అలాగే ఉంచి నిలబడ్డాడు. కర్ర, ఎడమ కాలు, కుడికాలు. కర్ర, ఎడమ కాలు, కుడికాలు. కుక్కని తిప్పుతున్న ఒకావిడ ఆగి దారిచ్చింది. కుక్క కూర్చుని చూసింది. మెయిల్‌బాక్సుల రేకు చేతికి చల్లగా తగిలేదాకా కనకదుర్గ ఊపిరి పీల్చిందో లేదో ఆమెకే తెలియదు. తాళం తీసింది. లోపల రెండు పిజ్జా కూపన్లు, కిటికీలు మారుస్తామనే ఒక కంపెనీ కార్డు, ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళ పేరు మీద ఒక పత్రిక ఉన్నాయి.

వాటిని చంకలో పెట్టుకుని తిరిగి చూసింది. ఇల్లు చాలా దూరంలో ఉంది. అప్పుడుగానీ ఆమెకి తట్టలేదు, రావడం గురించే ఇన్నాళ్ళూ ఆలోచించింది గానీ తిరిగి వెళ్ళాలన్న సంగతి ఆలోచించలేదని. కాళ్ళు రెండూ, మంచిదీ చెడ్డదీ తేడా లేకుండా, ఒకేసారి వణుకుతున్నాయి.

"ఏవండీ" అంది.

"ఊఁ."

"ఆ కుర్చీ ఉంది కదా, చక్రాలది. తీసుకురండి."

తిరుపతయ్య ఆమె మొహంలోకి అనుమానంగా చూశాడు. "నిజంగానా? ఎవరన్నా చూస్తే..."

"చూస్తే చూడనివ్వండి. వచ్చేటప్పుడు నడిచొచ్చాను కదా. కొంచెం తొందరగా వెళ్ళిరండి, నిలబడలేకపోతున్నాను."

ఆయన పరుగెత్తాడు. తిరుపతయ్య పరుగెత్తడం ఆమె అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చేతులు పక్కకి పెట్టి, ఒళ్ళంతా ఊగుతూ పరుగెత్తాడు. ఆమె మెయిల్‌బాక్సులకి భుజం ఆనించి, కర్ర మీద బరువు వేసి, ఆయన కనుమరుగయ్యేదాకా చూసింది. కుర్చీ తోసుకుంటూ తిరిగొచ్చాక, కూర్చుని, ఎడమ పాదాన్ని తనే చేత్తో ఎత్తి కుర్చీ పలక మీద సరిగ్గా పెట్టుకుని, పిజ్జా కూపన్లు ఒళ్ళో పరుచుకుంది.

"వంట వద్దు ఇవాళ" అంది. "మష్రూమ్ వేయిద్దామా, ఉల్లిపాయలా?"

"నీ ఇష్టం" అన్నాడు తిరుపతయ్య, రొప్పుతూ.

"మీరు చెప్పండి. నేను వింటాను."

ఆయన తడి ఆకుల మీద కుర్చీ తోస్తూ ఆలోచించడం మొదలుపెట్టాడు. వంపు దాటినా తేల్చలేదు. కనకదుర్గ నోరు బిగబట్టుకుని ఆగింది.